తండ్రి లేని పిల్లల వరసలో నేను

మా చిన్నతనంలో ఆదివారం అంటే మా ఇంటివాళ్లకు చర్చిలో రెండు పూజలు... నాన్నకు పొద్దున ఆరు గంటల పూజ, అమ్మకూ నాకూ ఎనిమిదిన్నర పూజ. ఎందుకంటే మా నాన్న అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాడు. ఆ బజారు ఆదివారం ఒక్కరోజే. మిగతా ఆరు రోజులూ ఇల్లిల్లూ తిరిగి పుస్తకాలు కొనడం, చిరిగిన అట్టలు మైదాపిండి జిగురుతో అతికించడం. ఆదివారం అమ్మితేనే ఆ వారం మా పొయ్యి వెలిగేది.

మా గుడి నాంపల్లిలో ఒక గల్లీ చివర ఉండేది. చిన్న చర్చి, మేం గుడి అనే అంటాం. నాన్న చీకటితోనే లేచి స్నానం చేసి, పూజలో ఫాదర్ ఇచ్చే సత్ప్రసాదపు అప్పం తీసుకునేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా పూజకు వెళ్లేవాడు. పూజ అయ్యాక అటునుంచి అటే, పుస్తకాల మూటలతో రిక్షాలో అబిడ్స్‌కు. ఒక్క ఆదివారం తప్పింది లేదు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో మీకే తెలుస్తుంది...

జోజప్ప గారి పండుగకు మా గుడిలో ఒక ఆనవాయితీ. ఏసుస్వామిని పెంచిన తండ్రి కదా ఆయన... అందుకని ఆ పండుగ దగ్గరి ఆదివారం, ఎనిమిదిన్నర పూజ చివర్లో తండ్రులంతా పీఠం ముందు నిలబడేవారు. పిల్లలు వెళ్లి మోకరిస్తే, ఎవరి తండ్రి వాళ్ల నుదుటి మీద బొటనవేలితో సిలువ గుర్తు వేసేవాడు. తండ్రి చనిపోయిన పిల్లలకు సంఘపెద్ద రాయప్ప గారు వేసేవారు.

అమ్మా నేనూ ఏటా బెంచీలో కూర్చుని చూసేవాళ్లం. నాకు నాన్న సాయంత్రం ఇంటికొచ్చాక వేసేవాడు.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు రాయప్ప గారికి నా మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. "తండ్రి లేని పిల్లలు గీ పక్కకు రాండ్రి" అంటూ నా రెక్క పట్టుకుని లేపి, ఆ వరసలో నిలబెట్టారు.

అమ్మ గబుక్కున లేచింది. "అయ్యా, దానికి నాయిన ఉన్నడు. పుస్తకాల కాడ ఉన్నడు."

"ఆదివారం దేవుని దినం అమ్మా. గీ దినం గుళ్లె లేనోడు ఉన్నా లేనట్టే" అన్నారాయన. అందరికీ వినిపించింది. మైకు ఆయన చేతిలోనే ఉంది మరి!

ఉన్నా లేనట్టేనట! మూడు గంటల క్రితం అదే పీఠం ముందు మోకాళ్ల మీద ఉన్న మనిషి... ఆ ఆరు గంటల పూజకు ఈ పెద్దమనిషి ఏనాడైనా వచ్చిన పాపాన పోయాడా? ఇన్నేళ్ల తర్వాత కూడా రాస్తుంటే ఒళ్లు మండుతోంది.

ఆయన బొటనవేలు నా నుదుటి దాకా వచ్చింది. నేను తల వెనక్కి లాక్కుని పరుగో పరుగు... నెత్తి మీద ముసుగు అలాగే ఉంది, చెప్పులు గుడి గుమ్మం దగ్గరే ఉండిపోయాయి. స్టేషన్ రోడ్డు దాటి, రిక్షాల మధ్యనుంచి దూరి, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాకా ఆగలేదు.

నాన్న ఎవరికో డిక్షనరీ చూపిస్తున్నాడు. నేను వెళ్లి పుస్తకాలు పరిచిన పట్టా అంచున మోకరించాను.

"నాయినా, సిలువ వెయ్."

"ఏందే, ఏమైంది? అమ్మ ఏది?" అని కంగారుపడ్డాడు. వెక్కుతూ అంతా చెప్పాను. ఆయన దుమ్ము చేతిని చొక్కాకు తుడుచుకుని, నా నుదుటి మీద నెమ్మదిగా సిలువ వేశాడు. డిక్షనరీ పట్టుకున్నాయన అది అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు.

గంట తర్వాత ఎవరొచ్చారనుకున్నారు? రాయప్ప గారు! కొడుక్కి పదో తరగతి గైడు కావాలట. "అంతోనీ, జర తగ్గియ్యి... నువ్వు మనోడివే కదా" అని బేరం. గుళ్లో లేనట్టే లెక్కయిన మనిషి ఫుట్‌పాత్ మీద మనోడయ్యాడు! ఆదివారం అమ్మడం తప్పయితే ఆదివారం కొనడం ఏమిటి? నాన్న మాత్రం నవ్వుతూ గైడు గుడ్డతో తుడిచి ఇచ్చాడు. ఆ నవ్వుకు నాన్న మీద కూడా కోపమొచ్చింది. ఆ కోపం కొంచెం ఇప్పటికీ ఉంది.

మొన్న జూన్‌లో అదే గుడికి వెళ్లాను. ఇప్పుడు ఆ ఆనవాయితీని ఫాదర్స్ డేకి మార్చారు. గేటుకు ఫ్లెక్సీ, తండ్రులకు శాలువాలు... కానీ సిలువ వేసేది మాత్రం ఎనిమిదిన్నర పూజలోనే. ఆరు గంటల పూజలో కూడా పెట్టొచ్చు కదా బాబూ, అని కమిటీ కుర్రాణ్ని అడిగాను.

"పొద్దుగాల ఫోటోగ్రాఫర్ రాడు ఆంటీ."

అదీ సంగతి! కాసేపటికి అతనే మైకులో తండ్రి లేని పిల్లల్ని ఎడమ పక్కకు రమ్మన్నాడు. నా ముందు బెంచీలో మా గల్లీ పిల్ల జెస్సీ, వాళ్లమ్మ కూర్చున్నారు. జెస్సీకి ఎనిమిదేళ్లు. వాళ్ల నాన్న నాంపల్లి మెట్రోలో సెక్యూరిటీ గార్డు. పక్కనున్న ఒకావిడ జాలిగా జెస్సీని లేపబోయింది. ఆ పిల్ల బెంచీని రెండు చేతులతో పట్టుకుంది.

"మా డాడీ ఉన్నడు! డ్యూటీల ఉన్నడు!"

గుడంతా తిరిగి చూసింది. నేను లేచి నిలబడ్డాను. "ఔ, ఉన్నడు! డ్యూటీల ఉన్నోడు లేనోడు ఎట్లయితడు?" అన్నాను. నలభై ఏళ్లుగా గొంతులో ఉన్న మాట... అప్పటికి బయటపడింది.

పూజ అయ్యాక జెస్సీ, వాళ్లమ్మ, నేను మెట్రో స్టేషన్‌కు నడిచాం. వాళ్ల నాన్న తనిఖీ చేసే యంత్రాన్ని చంకలో ఇరికించుకుని, కూతురి నుదుటి మీద సిలువ వేశాడు. వెనక క్యూలో ఎవరూ తొందరపెట్టలేదు. ఫోటో కూడా ఎవరూ తీయలేదు.

మీ నాన్న ఆదివారాలు ఏ పనిలో ఉండేవాడో, పేరుతో సహా కింద కామెంట్లలో రాయండి. మొదటి పేరు నేను రాస్తున్నాను... అంతోని, పాత పుస్తకాలు, అబిడ్స్. ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఇప్పుడు నన్ను ఆ వరసలో నిలబెడితే మాట్లాడకుండా నిలబడతాను.

అప్పుడు మాత్రం మా నాన్న ఉన్నాడు.