లక్డీకాపూల్ దాకా ఎర్ర కారులో

సోమవారం ఉదయం ఎనిమిది దాటాక నేనూ, నా భార్య సుజాతా మధురానగర్‌లో మెట్రో ఎక్కాం. వెళ్లేది పంజాగుట్టలోని కార్ల షోరూమ్‌కు. వెన్ను ఆపరేషన్ అయినప్పటి నుంచి సుజాత సెలవులో ఉంది. ఆమె ఆఫీసు లక్డీకాపూల్‌లో. కుదుపులు లేకుండా వెళ్లిరాగలిగితేనే వచ్చే వారం చేరమని, లేదంటే సెలవు పొడిగించుకోమని డాక్టరు చెప్పారు. ఇంకొన్నాళ్లు ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆమె గొడవ.

మెట్రో ఉండగా కారెందుకు అనేవాళ్లు ఆ వేళకు అమీర్‌పేటలో ఒకసారి రైలు మారి చూడాలి. మమ్మల్ని జనమే దింపి, జనమే ఎక్కించారు. సుజాత నడుముకున్న బెల్టు చూసి బుర్ఖాలో ఉన్న ఒకావిడ లేచింది. "కూసో అక్కా, ఒక్క స్టేషనైతేంది, నడుముకు జర ఆరామ్ ఉంటది."

నిజానికి ముందురోజే నేను కారు ఖాయం చేసేశాను. చర్చి అయ్యాక, సుజాత స్త్రీల కూడికలో ఉండగా, ఆదివారపు ఖాళీ రోడ్డు మీద నడిపి చూశాను. ఒకే మోడల్‌లో రెండు రకాలు, స్పోర్ట్ ఒకటి, మామూలుది ఒకటి. ఎర్రటి స్పోర్ట్ కారు కాలు ఆనించీ ఆనించకముందే ఉరికింది. ఇన్నేళ్లూ స్కూటర్ తోలినవాణ్ణి, ఒళ్లు తెలియలేదు. షోరూమ్‌లోని ఇమ్రాన్ భాయ్‌తో "ఇదే" అనేశాను.

సుజాత ఆఫీసు దారి చూద్దామని తొమ్మిదింటికి ఆ ఎర్ర కారులో లక్డీకాపూల్ వైపు బయల్దేరాం. పక్కన సుజాత, వెనక ఇమ్రాన్ భాయ్.

"స్పోర్ట్ మోడ్‌ల పెట్టన్నా, భాభీకి సుత మజా వస్తది," అన్నాడతను.

మజా పంజాగుట్ట చౌరస్తాలోనే అయిపోయింది. ముందు ఆటో, పక్కన బస్సు, కింద తవ్వి పూడ్చిన రోడ్డు. రెండో గేరు దాటింది లేదు. ఆ కారుకు స్ప్రింగులు గట్టివి, టైర్లు పలచనివి, ఏ గతుకునూ వదలకుండా సీట్లోకి పంపించాయి. ఖైరతాబాద్ దగ్గర సుజాత పాట మొదలుపెట్టింది.

నొప్పి వస్తే ఆమె అబ్బా అనదు, సన్నగా కీర్తన పాడుకుంటుంది. ఆ సంగతి ఆమెకే తెలియదు. ఆసుపత్రిలో నర్సులు పాట విని మాత్ర తెచ్చేవాళ్లు. లక్డీకాపూల్ వచ్చేసరికి రెండో చరణంలో ఉంది.

"ఎట్లుంది?" అన్నాను.

"మస్తుంది. నీకు నచ్చింది గదా, తీస్కో." నుదుటి చెమట తుడుచుకుని నవ్వింది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. తిరుగుదారిలో ఎంత మెల్లగా నడిపినా పాట ఆగలేదు.

షోరూమ్‌లో ఆమెను కాసేపు నడుం వాల్చమని టీ తాగించాను. మామూలు కారును మా ఇంటిదాకా నడిపి చూడనిమ్మని ఇమ్రాన్ భాయ్‌ని అడిగాను. అతని ముఖం చిన్నబోయింది. "దాంట్ల గంత దమ్ముండదన్నా."

"దమ్ము నాకొద్దు భాయ్."

పదకొండు దాటాక బయల్దేరాం. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల ముందు గతుకులు మొదలయ్యాయి. స్టీరింగ్ పట్టుకున్నానే కానీ నా చెవులు పక్క సీటు మీదే ఉన్నాయి. ఒక గుంత వచ్చింది, స్పీడ్ బ్రేకర్ వచ్చింది. పాట రాలేదు.

"ముందు సూడు, గా స్కూటర్‌కు తగుల్తది," అంది సుజాత. తర్వాత ఏసీ ఎక్కువైందంది. తెల్ల రంగు రెండు దినాలకే మట్టి కొట్టుకుపోతుందంది. ఆమె సణుగుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. కారు కొనదలచినవాళ్లు ఆదివారం వెళ్లకండి. రోజూ వెళ్లే వేళకు, రోజూ ఎక్కే మనిషిని ఎక్కించుకుని వెళ్లండి. ఎర్ర కారు కోసం కొంచెం దిగులు పడ్డాను, అబద్ధమెందుకు. ఆ దిగులు మధురానగర్ మలుపు దాకా కూడా నిలవలేదు.

మా వీధిలోకి తిరుగుతుండగా సుజాత ఫోన్ తీసి ఆఫీసులోని స్నేహితురాలికి చేసింది.

"వచ్చే సోమవారం నుంచి వస్తున్ననే. కిటికీ పక్కన నా కుర్చీల ఎవరన్న కూసుంటే జర లేపు."