తొమ్మిదిమందిని మోసే ఇరుసు

కోట ఊరి దగ్గర రొయ్యల గుంటలకు బండ్లు తయారుచేసే హెబ్రోను చదివింది ఏడో తరగతి. నెల్లూరు లారీ షెడ్లలో ఇరవై రెండేళ్లు గ్రీజులో మునిగి, నడుం పోయాక సొంతూరొచ్చి రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలడు. గుంటల గుత్తదారుకు ఎదురుచెప్పడం మాత్రం యాభై దాటాకే నేర్చుకున్నాడు.

ఆ చదువు లిల్లీ కాలుతో వచ్చింది. నిరుడు ఒక గుత్తదారు అడిగినట్టే సన్న ఇరుసు బిగించి ఇచ్చాడు. అది విరిగి బండి గుంట కట్ట మీంచి దొర్లింది. కూలికొచ్చిన లిల్లీకి మోకాలి కింద కాలు తీసేశారు. "ఆ నట్లు బిగించింది నేనే," అంటాడు, ఎవరూ అడక్కపోయినా.

హెబ్రోను కట్టేవాటిని రొయ్యల బండ్లంటారు. పైపుల చట్రం, పాత పికప్ వ్యాన్ ఇంజను, వెనక ఐసు పెట్టెలు. ఆ పెట్టెల మీద రొయ్యలు ఏరే ఆడకూలీలు. వాళ్లు ఎక్కుతారని ఏ కాగితంలోనూ ఉండదు. పడినప్పుడే లోకానికి తెలుస్తుంది.

ఈసారి వచ్చిన గుత్తదారు పద్మనాభయ్య. ఎల్లుండే ఆయన గుంటల్లో రొయ్యల పట్టుబడి. ట్రాలీ ఆటో ఇరుసొకటి తెచ్చి షెడ్డు ముందు పడేశాడు.

"జీపు ఇరుసేస్తే బరువయ్యా. తడి కట్టలో దిగబడి కూచుంటే నా సరుకు ఎర్రబడి చెడిపోతాది. ఇది తేలిక. బిగించు."

"ఇది ఎనిమిది హెచ్‌పీకి పుట్టింది. మీరు పెట్టించింది అరవై హెచ్‌పీ ఇంజను. ఖాళీ బండైతే చక్రం జారి తిరుగుతాది, బతికిపోతాం. పైన బరువుండి చక్రం ఇసకలో పట్టేస్తే, ఆ బలమంతా యాడికి పోతాదయ్యా? ఈ రాడ్డు మీదికే."

"ఏం బరువయ్యా? నాలుగు ఐసు పెట్టెలు!"

కూలీల మేస్త్రి కామాక్షమ్మ అక్కడే నిలబడి ఉంది. "మేమేంది మరి, గాలి ఊదిన బూరలమా?"

"మీరంతా కలిపి ఎంతుంటారులే, కొంగల మంద!"

హెబ్రోను లేచాడు. "కాటా తెప్పించండి."

ఏళ్ల తరబడి రొయ్యలు తూచిన కాటా మీద ఆ ఆడవాళ్లు ఎక్కడం అదే మొదలు. "కామాక్షక్కా, మెల్లగా! కాటా మూలగతాంది!" అని ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ ఎక్కారు. తొమ్మిదిమంది. నాలుగు వందల డెబ్బై ఎనిమిది కేజీలు. సరిగ్గా మనిషికొక ఇసక మూట, ఎవరి బరువుకు వారిది, కట్టి ఐసు పెట్టెల మీద పెట్టించాడు హెబ్రోను. పద్మనాభయ్య తెచ్చిన ఇరుసే బిగించి బండిని గుంట వాలులోకి దింపాడు.

"విరక్కపోతే నోరు మూసుకుని దీన్నే వదిలేస్తావా?" అన్నాడు పద్మనాభయ్య.

"వదిలేస్తా."

అనేశాకే ఆలోచించాడు. విరక్కపోతే ఎల్లుండి ఈ తొమ్మిదిమందీ దీని మీదే ఎక్కుతారు. ఆపడానికి తన దగ్గర మాట కూడా మిగలదు.

తనే తోలాడు. క్లచ్ వదిలితే బండి గర్జించి కట్టెక్కింది. మళ్లీ దించి వదిలాడు. మళ్లీ ఎక్కింది. పద్మనాభయ్య చప్పట్లు కొట్టాడు. "చాల్లే, దిగవయ్యా. పిరికిమందు తాగినావు."

హెబ్రోను దిగలేదు. పట్టుబడి రోజు బండి ఇలా ఒక్క ఊపున ఎక్కదు. సరుకు ఎత్తడానికి వాలు మధ్యలో ఆగుతుంది, అక్కడినుంచి మళ్లీ కదులుతుంది. ఆ సంగతి అప్పుడు తట్టింది. సగం వాలులో ఆపాడు. చక్రాలు బురద ఇసకలో కూరుకునేదాకా ఆగి, క్లచ్ వదిలాడు.

టపామని తుపాకీ పేలినట్టయింది. ఎడమ చక్రం విరిగిన రాడ్డు ముక్కతో సహా బయటికొచ్చి గుంటలోకి దొర్లింది. బండి ఒరిగింది. మూటలన్నీ నీళ్లలో పడ్డాయి. హెబ్రోను ఛాతీ స్టీరింగుకు కొట్టుకుంది; ఊపిరందక అలాగే కూర్చుండిపోయాడు.

ఆడవాళ్లెవరూ నవ్వలేదు. మునిగిపోతున్న మూటల్నే చూస్తున్నారు.

"ఆ అంచునున్నది నాది," అంది సుభాషిణి, అందరిలోకీ చిన్నది.

పద్మనాభయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "జీపు ఇరుసే వెయ్యి" అన్నాడు. మళ్లీ ఆగలేక, "దిగబడితేనో?"

"దిగబడితే దిగి తోస్తాం," అంది కామాక్షమ్మ. "బరువున్న మనుషులమే అని ఇప్పుడు తెలిసింది గదా!"