పాతవేలే అనుకున్న తొమ్మిది రోజులు

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆమె దోమక్క. కింది అంతస్తులో, మెట్ల పక్కనున్న ఇరుకు గదిలో పంతొమ్మిదేళ్ళుగా రక్తం తీస్తోంది. కుట్టినట్టు తెలియకుండా కుట్టి, కావలసినంత తీసుకుని తప్పుకుంటుందని ఒక పెద్దాయన ఎప్పుడో సరదాగా అన్న మాట పేరై కూర్చుంది. ఆమె ఏమీ అనుకోలేదు. "దోమకీ చప్పట్లే, నాకూ చప్పట్లే. పాపం దానికి ప్రాణం పోతుంది, నాకు పేరొస్తుంది" అని నవ్వేసేది.

ఆమె మనుషుల ముఖాలు పెద్దగా చూసేది కాదు. చేతులు చూసేది. ముంజేతి మీద చిన్న చిన్న కాలిన మచ్చలుంటే పొయ్యి దగ్గర పనిచేసే మనిషని, బొటనవేలి మొదట్లో కాయ కాసి ఉంటే కత్తెర పట్టే మనిషని ఇట్టే చెప్పేది. చంటిపిల్లల సన్నటి నరాలూ, ముసలివాళ్ళ జారిపోయే నరాలూ ఆమె వేలికొసకు దొరికిపోయేవి. "పిడికిలి బిగించండి బాబాయ్... ఇక వదిలేయండి... అయిపోయింది." "అప్పుడేనా?" అని ఎదుటివాళ్ళు తెల్లబోతే ఆమెకు ఆ పూటకు అదే కాఫీ.

ఏడాదికి నాలుగైదు సార్లు ఇంకో రకం చేతులు వచ్చేవి. పద్ధెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలవి. తమకు తామే చేసుకున్న గాట్ల మచ్చలు వాటి మీద. ఆమె చూపు పక్కకు తిప్పుకుని పని కానిచ్చేది. ఒకసారి తోటి నర్సుతో అంది కూడా: "ఇదంతా నలుగురి కళ్ళలో పడాలని. నిజంగా చావాలనుకున్నవాళ్ళు ఇలా గీసుకుంటూ కూర్చుంటారా?" నర్సు తలూపింది. ఆ మాట తప్పని చెప్పేవాళ్ళు అప్పుడు అక్కడెవరూ లేరు.

దోమక్కకు ఒక్కడే తమ్ముడు. పద్నాలుగేళ్ళు చిన్నవాడు. అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. నాన్న అంతకు ముందే లేడు. పెళ్ళయి అప్పటికి ఆర్నెల్లయినా కాలేదు, తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి భర్త ముందు నిలబెట్టింది. ఆమె భర్త సోఫాలూ కుర్చీలూ బాగుచేస్తాడు. నోట్లో రెండు మేకులు పెట్టుకుని పనిచేసుకుంటున్నవాడు వాటిని తీసి, "రా బావమరిదీ, ఈ సుత్తి పట్టుకో" అన్నాడు. అంతే, వాడు ఆ ఇంటివాడైపోయాడు.

ఇప్పుడు ఇరవై మూడేళ్ళవాడు. ఒక కళ్ళద్దాల షాపు వెనకగదిలో అద్దాలు అరగదీసే పని. నెమ్మదైనవాడు. షాపులో మణికట్టు దాకా తెల్లకోటు, ఇంట్లో పూర్తి చేతుల చొక్కా. చలి మనిషిలే అనుకున్నారు. ఎండలు మండిపోతున్నప్పుడు కూడా గుండీలు విప్పకపోతే బావ వేళాకోళమాడేవాడు: "మావాడు పుట్టు పెళ్ళికొడుకు. పిలవడమే ఆలస్యం, పీటల మీద కూర్చోవడానికి రెడీ!" తమ్ముడూ నవ్వేవాడు.

అద్దాలు తయారుచేసే ఒక పెద్ద కర్మాగారంలో వాడికి కొత్త ఉద్యోగం వచ్చేలా ఉంది. చేరే ముందు రక్తపరీక్ష చేయించుకు రమ్మన్నారు. ఇంకెక్కడికైనా పోతానన్నాడు. దోమక్క ఊరుకుంటుందా! "నేనుండగా పరాయివాళ్ళ చేత పొడిపించుకుంటావా? పరగడుపున వచ్చి కూర్చో" అంది.

వచ్చి కూర్చున్నాడు. కుడి చేతి చొక్కా మడిచి, చెయ్యి బల్ల మీద పెట్టాడు. ఆమె రబ్బరు పట్టీ కట్టింది, సూది పెట్టింది. రక్తం రాలేదు. ఎన్ని నెలలకో ఒకసారి జరిగే పని అది.

"నిన్ను చూసి నరం కూడా పారిపోయిందిరా. ఆ చెయ్యి ఇలా ఇవ్వు."

"వద్దక్కా. దీన్లోనే ఇంకోసారి చూడు."

"సిగ్గుపడుతున్నావేంట్రా, ఎత్తుకు పెంచినదాన్ని!" అంటూ ఎడమ చేతి గుండీ తనే విప్పేసింది. బడికి పంపేటప్పుడు పెట్టిన గుండీలేగా అన్నంత చనువుగా చొక్కా పైకి నెట్టింది.

నెట్టి, అలాగే ఉండిపోయింది.

తెల్లబడిన గీతలు. ఒకటీ రెండూ కాదు. కొన్ని బాగా పాతవి, కొన్ని వాటికంటే తర్వాతివి. పంతొమ్మిదేళ్ళలో వేల చేతులు చూసిన మనిషికి, ఒకే కంచం ముందు కూర్చోబెట్టి పెంచిన ఈ చెయ్యి ఎలా ఉంటుందో ఇన్నాళ్ళూ తెలియలేదు. చెవుల్లో ఏదో హోరు. చేతిలోని దూది ఎప్పుడు జారి పడిందో చూసుకోలేదు.

తమ్ముడు చెయ్యి లాక్కున్నాడు. "పాతవక్కా. మానేశాను. నాలుగు నెలలైంది."

తలుపు అవతల ఎవరో, "అమ్మా, నా నంబరు పిలిచారా?" అని అడుగుతున్నారు. ఆమె మళ్ళీ కుడిచెయ్యి తీసుకుంది. రెండుసార్లు పొడిచి పని ముగించింది. ఆ చోట నల్లగా కమిలింది.

"బావకి చెప్పకు" అన్నాడు లేస్తూ.

ఆమె చెప్పలేదు. ఆ రోజంతా తిండి సహించలేదు. కానీ మర్నాటికి మనసు తనకు కావలసిన మాట వెతుక్కుంది. పాతవేగా. మానిపోయాయిగా. మానేశానని వాడే చెప్పాడుగా. కెలికితే మళ్ళీ గుర్తుచేసినట్టవుతుంది.

పైగా వాడు ఎన్నడూ లేనంత బాగున్నాడు. ముభావం పోయింది. పొద్దున్నే లేచి కబుర్లు చెబుతున్నాడు. అక్క కళ్ళజోడు ఊడిపోతుంటే మర బిగించి పెట్టాడు. తన మంచి గడియారం బావ చేతికి పెట్టి, "నాకు బరువుగా ఉంది, నువ్వు పెట్టుకో" అన్నాడు. సైకిలు పక్కింటివాళ్ళకు ఇచ్చేశాడు. గది సర్దాడు. గాలివాన వెలిసిందనుకుని ఊపిరి పీల్చుకుంది దోమక్క. అలా తొమ్మిది రోజులు గడిచాయి.

తొమ్మిదో రోజు శుక్రవారం. రెండో అంతస్తులో మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ చక్కెర పరీక్షకు దిగి వచ్చింది. దోమక్క పట్టీ కడుతూ, ఏదో ఊసుపోక అడిగినట్టు అడిగింది.

"తెలిసినవాళ్ళ అబ్బాయి ఒకడున్నాడు డాక్టరమ్మా. ఇరవై మూడేళ్ళు. చేతి మీద... తనే చేసుకున్నవి. పాతవేలెండి, మానిపోయాయి."

"గాట్లు మానాయి సరే. లోపలిది మానిందో లేదో ఎవరైనా అడిగారా?"

"అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టవదా?"

"అవదు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఉన్నవాడికి చెప్పుకునే వీలు దొరుకుతుంది."

"అయినా ఇలా చేసుకునేవాళ్ళు నిజంగా చావాలనుకోరు కదండీ?"

డాక్టరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "చాలామంది ఆ పూట గడవడానికే చేసుకుంటారు. చావాలని కాదు. అది నిజమే. కానీ అలా చేసుకున్నవాళ్ళకి, ముఖ్యంగా ఈ వయసులో, తర్వాతెప్పుడో ప్రాణం తీసుకునే ప్రమాదం మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ. ఒంటిని నొప్పించుకోవడం అలవాటయ్యేకొద్దీ భయం అరిగిపోతుంది. మానేసినా కనిపెట్టుకుని ఉండాలి. ఇంతకీ ఎందుకు మానేశాడట?"

ఆ ప్రశ్న ఆమెకు తట్టనే లేదు. "ఏమో... ఈ మధ్య హాయిగానే ఉన్నాడండీ. నవ్వుతున్నాడు. గడియారం ఇచ్చేశాడు, సైకిలిచ్చేశాడు, గది మొత్తం..."

తన మాట తన చెవినే పడింది. అక్కడితో ఆగిపోయింది.

"తెలిసినవాళ్ళ అబ్బాయి కాదు కదా?" అంది డాక్టరమ్మ మెల్లగా.

"మా తమ్ముడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

చేతికి తొడుగులు అలాగే ఉన్నాయి. మెడలో ఆసుపత్రి బిళ్ళ ఊగుతోంది. రెండు వీధులు ఆమె ఎలా దాటిందో ఆమెకే తెలియదు. షాపులో గోడ నిండా ఖాళీ కళ్ళజోళ్ళు తననే చూస్తున్నట్టున్నాయి. షాపు ఆయన "ఏంటమ్మా?" అనేలోపే తెర తోసుకుని వెనక్కి వెళ్ళింది. తమ్ముడు మరమీదికి వంగి అద్దం అరగదీస్తున్నాడు. వాణ్ణి చూడగానే గోడకు చేరగిలబడింది.

ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఉన్నదున్నట్టు అడిగేసింది.

"ఒరేయ్, నీకు చచ్చిపోవాలని ఉందా?"

వాడు మర ఆపాడు. లేదంటాడనీ, ఏం పిచ్చి మాటలని విసుక్కుంటాడనీ ఆమె చూస్తోంది.

"ఊఁ" అన్నాడు.

"మరి... మానేశానన్నావు కదరా?"

"మానేశానక్కా. మొదట్లో అలా చేసుకుంటే లోపలి గోల కాసేపు ఆగేది. పోనుపోనూ ఆ కాసేపు కూడా లేకుండా పోయింది. తర్వాత ఎలాగూ తేల్చేసుకున్నాను కదా, ఇంక దానితో పనేముంది అనిపించింది."

ఎంత మామూలుగా చెప్పాడంటే, అది తన తమ్ముడి గొంతేనా అని ఆమెకు అనుమానం వచ్చింది.

"ఎప్పుడు?"

"ఎల్లుండి ఆదివారం. మీరిద్దరూ బావ వాళ్ళ అక్క ఊరెళ్తున్నారుగా."

బస్సుకు ముందే టికెట్లు తీసింది ఆమే. వాడికి రెండు రోజులకు సరిపడా ఏం వండి పెట్టాలా అని పొద్దున్నే ఆలోచించింది కూడా ఆమే. అద్దాల పెట్టె మీద కూలబడిపోయింది. ఎలా అనుకున్నాడో కూడా వాడు దాచలేదు. ఆ సంగతి డాక్టరమ్మకూ భర్తకూ తప్ప ఆమె మూడో మనిషికి చెప్పలేదు.

కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చేతకాలేదు.

"కోటు విప్పి నాతో రా."

"పనుందక్కా. ఈ జోడు సాయంత్రానికి ఇవ్వాలి."

"ఆ కళ్ళు రేపు చూసుకుంటాయిలే. నడు."

"నువ్వు తిడతావనుకున్నా."

"తిట్లెక్కడికీ పోవు. ముందు నడు."

వాడు కోటు విప్పాడు. నలుగురూ తిరిగే బజారులో, అంత ఎత్తు మనిషిని, చంటిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు మణికట్టు పట్టుకుని నడిపించుకెళ్ళింది. వాడు విడిపించుకోలేదు.

ఆ మధ్యాహ్నమే రెండో అంతస్తులో చేర్చుకున్నారు. కబురందుకున్న భర్త, డాక్టరమ్మ చెప్పినట్టు ముందు ఇంటికెళ్ళి, అక్కడ ఉండకూడనిదాన్ని తీసి బయటికి పంపేసి, అప్పుడు వచ్చాడు. నడవాలోని బల్ల మీద కూర్చున్నాడు. చొక్కా నిండా స్పాంజి ముక్కలు అంటుకుని ఉన్నాయి. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే మనిషి, గంటసేపు చేతికున్న గడియారం వంకే చూశాడు.

"పెళ్ళికొడుకని ఆట పట్టించానే వాణ్ణి" అన్నాడు చివరికి. "రోజూ పక్కనే కూర్చుని టీవీ చూశాను. నా మోచెయ్యి వాడి మోచేతికి తగులుతూ ఉండేది."

శనివారమైంది, ఆదివారమైంది. ఆదివారం ఆ ఇద్దరూ వార్డు వదలలేదు. సాయంత్రం తమ్ముడు అన్నం కలుపుకుంటూ, "ఉప్పు లేదు" అన్నాడు. దోమక్క గబగబా బయటికొచ్చి, మెట్ల దగ్గర గోడకేసి ముఖం పెట్టుకుని నిలబడింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

పదిహేను రోజులకు ఇంటికి పంపారు. మందులు, వారం వారం డాక్టరమ్మతో మాటలు. ఎందుకిలా అయిందని అడిగిన చుట్టాలకు చెప్పడానికి ఒక్క కారణమంటూ దొరకలేదు. పదహారో ఏట మొదలైందట. అమ్మ పోయిన బెంగ కొంత, ఈ ఇంట్లో తనొక బరువునన్న భ్రమ కొంత, వాడికే పేరు తెలియనిది ఇంకెంతో. "బరువా? నేను మోసే సోఫాల ముందు నువ్వెంతరా?" అన్నాడు బావ.

దారి సాఫీగా ఏమీ లేదు. మూడో నెలలో ఒక పొద్దున దోమక్క "ముప్పై ఏడు" అని పిలిస్తే, చీటీ పట్టుకుని తమ్ముడు లోపలికొచ్చాడు. అందరితోపాటు వరసలో కూర్చుని, తన వంతు దాకా ఆగాడట.

"అక్కా, నిన్న మళ్ళీ చేసుకున్నాను."

మళ్ళీ అదే హోరు చెవుల్లో. అయినా ఈసారి వెంటనే అడిగింది. "చావాలనిపించిందా?"

"నిన్న లేదు. పొద్దున కాస్త అనిపించింది. అందుకే వచ్చా."

ఆమె గాయానికి కట్టు కట్టింది, గదికి తాళం వేసింది, వాడితో కలిసి మెట్లెక్కింది. వరసలో ఉన్నవాళ్ళు గొణుక్కున్నారు. గొణుక్కోనీ.

తర్వాత చాలా రోజులు ఆమెను ఒక సంగతి తినేసింది. ఇన్నేళ్ళలో తన ముందు చాచిన అలాంటి చేతులెన్ని? ఒక్కరి ముఖమైనా గుర్తుందేమోనని ఎంతో ప్రయత్నించింది. ఒక్కటీ గుర్తు రాలేదు. వాళ్ళలో ఎందరున్నారో, ఎందరు లేరో! తోటి నర్సును పిలిచి, "అప్పుడు నేనన్నది శుద్ధ తప్పు. నువ్వూ మర్చిపో" అంది.

ఇప్పుడు అలాంటి చెయ్యి కనిపిస్తే లేచి తలుపు వేస్తుంది. ముఖం చూస్తుంది. అడుగుతుంది. మొదటిసారి అడిగిన కాలేజీ పిల్ల కస్సుమంది: "మీ పని మీరు చూసుకోండి."

"ఇదీ నా పనేనమ్మా. రెండో అంతస్తులో మంచి డాక్టరమ్మ ఉంది. ఒక్కదానివే వెళ్ళలేకపోతే నేను తోడొస్తా."

ఆ పిల్ల రాలేదు. ఆ తర్వాతి వాళ్ళలో కొందరు వచ్చారు.

తమ్ముడు ఆ కొత్త ఉద్యోగంలో చేరలేదు. పాత షాపులోనే ఉన్నాడు. రెండేళ్ళయింది. డాక్టరమ్మ దగ్గరికి ఇప్పుడు నెలకోసారి వెళితే చాలు. ఎండాకాలం మొన్న ఒకరోజు పొట్టి చేతుల చొక్కా వేసుకుని వంటింట్లోకి వచ్చాడు. బావ పప్పు గిన్నె అందిస్తూ ఆ చేతిని ఒక్క క్షణం గట్టిగా పట్టుకుని వదిలాడు.

వాడు బాగా నవ్విన రోజున దోమక్కకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. పక్కకు పిలిచి అడుగుతుంది.

"ఎన్నిసార్లు అడుగుతావక్కా? విసుగొస్తోంది."

"రానీ. చెప్పు."

వాడు కాసేపు ఆలోచించి, ఆ రోజు ఎలా ఉందో చెబుతాడు.