రామప్ప మెట్ల కింద ఆశీర్వాదం సారు

గత ఆదివారం ఉదయం ఆరుంబావుకు ఫోన్ మోగింది. చేసింది మా పూర్వ విద్యార్థిని సరోజన. "సార్, మన ఆశీర్వాదం సారు పోయిండు. రాత్రి నిద్రలనే పాణం పోయిందట" అన్నది. ఆనాటి డైరీ పేజీలో ఆ సమయం మాత్రం వేసుకున్నాను. దాని కింద ఒక వాక్యం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. యాభై ఏళ్లుగా ఏనాటిది ఆనాడే రాసుకునే నాకు ఇలా ఎప్పుడూ జరగలేదు.

ఆశీర్వాదం గారు వరంగల్‌లో మా ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించేవారు. నాది గణితం. డెబ్బైల మధ్య నుంచి ఎనభైల తొలి ఏళ్ల దాకా ఉపాధ్యాయుల గదిలో ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నాం. నెక్కొండ దగ్గరి పల్లెలో, కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబంలో పుట్టి, దీపం బుడ్డి ముందు చదువుకొని పైకి వచ్చిన మనిషి. ఆయన కాకతీయుల పాఠం చెబుతుంటే పక్క గదిలో నా పిల్లలు లెక్కలు మాని అటు చెవి పెట్టేవారు. నేను కోప్పడేవాణ్ని కాదు. నేనూ అదే పని చేస్తుండేవాణ్ని.

ఏటా చలికాలంలో తొమ్మిదో తరగతిని ఆయన పాలంపేటకు, రామప్ప గుడికి తీసుకెళ్లేవారు. బస్సులో తలలు లెక్కించే పని నాది. ప్రతి విద్యార్థీ బూడిదతో తళతళా తోమిన స్టీలు పళ్లెం తేవాలని ఆయన నియమం. మొదటి ఏడు అది అన్నానికేననుకున్నాను.

గుడి చేరేసరికి తొమ్మిదిన్నర. ఎండలోంచి మంటపంలోకి అడుగు పెడితే కళ్లు చీకట్లు కమ్మాయి. పైకప్పు ఉన్నదనే తెలుస్తున్నది గాని ఏమున్నదో తెలియదు. అప్పుడు బయటి నుంచి ఆయన గొంతు వినిపించింది. "పళ్లాలు ఎండకు పట్టుండ్రి. జర వంచాలె. ఇంక జర." తూర్పు మెట్ల ముందు వరుసగా కూర్చున్న పాతిక మంది పిల్లల చేతుల్లోంచి పాతిక వెలుగు ముద్దలు లోపలికి ఎగిరి వచ్చాయి. తడబడుతూ, ఒకదానికొకటి తగులుతూ, చివరికి నడిమి కప్పు మీద ఒక్కచోట చేరాయి. ఏడు వందల ఏళ్ల కిందటి ఉలి పని మా తలల మీద ఒక్కసారిగా విచ్చుకున్నది. దూలాల మీద నర్తకులు, మద్దెలలు, సన్నటి నగలు, ఆ నగల మధ్య సందుల్లో నీడలు. లోపలున్న మిగతా పిల్లలందరి తలలూ పైకి లేచాయి. నా డైరీలో ఆ రోజు ఒకే మాట ఉన్నది: "చూశాను."

తరువాత పిల్లలు చోట్లు మార్చుకునేవారు. ఒక్కొక్కరికి ఒక్కో దూలం, ఒక్కో స్తంభం. చూసి వచ్చి మెట్ల కింద నిలబడ్డ ఆయనకు చెప్పాలి. ఆయన పొడుగాటి నోటుబుక్కులో గీసుకునేవారు.

"ఏం చూసినవ్‌రా సమ్మయ్యా?"

"ఒకామె ఆడుతాంది సార్."

"ఏ కాలు లేపింది?"

సమ్మయ్య తల గోక్కున్నాడు. "కాలు చూడలే సార్."

"ఆడేటామె కాలు చూడకుంట ఇంకేం చూసినవ్ బిడ్డా? వాళ్ల నాయిన పేరడిగినవా? పో, కాలు చూసి రా."

పిల్లల చూపు పదును పెట్టడానికే అలా అడుగుతారనుకున్నాను. మరుసటి ఏడు గమనించాను, ఆయన లోపలికే రాలేదు. ఆలోచిస్తే మొదటి ఏడూ ఆయన లోపల కనబడిన గుర్తు లేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో పక్కన కూర్చొని అడిగాను.

"మా అమ్మ రూతమ్మ" అన్నారాయన. "నాకు కొలువొచ్చిన నాడు భయపడ్డది. చరిత్ర చెప్పే కొడుకు గుళ్లెంట తిరిగి తన దేవుణ్ని మరుస్తడేమోనని. గుడి మెట్టు ఎక్కనని చేతిల చెయ్యేయించుకున్నది."

"ఆమె ఉన్నరా?"

"పోయి మూడేండ్లయింది."

"మరి ఇగ ఎక్కొచ్చు గద సారూ?"

ఆయన కిటికీలోంచి చూస్తూ, "మాట వాపసిచ్చేటందుకు ఆమె లేదు గద, లెక్కల సారూ" అన్నారు. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. ఆ పైకప్పు గురించి జిల్లాలో ఎవరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి దాన్ని ఒక్కసారీ చూడలేదు, ఇక చూడడు. ములుగు దాకా ఆయన ఆ నోటుబుక్కు ఒళ్లో పెట్టుకొని ఆనాటి బొమ్మలు సరిదిద్దుకుంటూ కూర్చున్నారు.

ఎనభైల మొదట్లో ఆయనకు దూరపు జిల్లాకు బదిలీ అయింది. అది చివరి యాత్ర అని తెలిసి నేను వారం రోజులు కాగితం మీద గీతలు గీశాను. వెలుగు లోపలికి పోయే దారిలోనే బొమ్మ బయటికి రావాలి. కాశిబుగ్గ నేతకారుల పిల్ల సరోజన, ఇంట్లో గోడ అద్దాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకొని తెచ్చింది. ఆ అద్దంలో లోపలి కప్పును బయటికి చూపిస్తామని ఆశీర్వాదం గారికి చెప్పాం. ఆయన మొదటి మెట్టు వైపు చూసి, "ఎక్కనన్న. చూడనని అనలే" అన్నారు.

పిల్లలు పళ్లాలు పట్టారు. నేను నడిమి కప్పు కింద అద్దాన్ని ఏటవాలుగా ఎత్తాను. "అగుపడ్తాందా సారూ?"

"మీ బట్టతల అగుపడ్తాంది. గది కాకతీయులు చెక్కింది కాదు గద."

పళ్లాలు గజగజలాడేంతగా పిల్లలు నవ్వారు. నేను పక్కకు జరిగి కోణం మార్చాను. నవ్వులు ఆగాయి. బయట ఆయన నోటుబుక్కు తెరిచారు. అద్దంలో ఒక ముక్క చూసి, పేజీలో ఒక బొమ్మ చూశారు. మళ్లీ అద్దం, మళ్లీ పేజీ. నేను అంగుళం అంగుళంగా అద్దాన్ని తిప్పుతూ పోయాను. కొంతసేపటికి ఆయన పుస్తకం మూసి చంకలో పెట్టుకొని ఉత్త కళ్లతో చూడసాగారు. నా చేతులు లాగేస్తున్నా దించలేదు. పిల్లలూ దించలేదు.

నేను మెట్లు దిగి వచ్చాక ఆయన అన్నది ఒకే మాట. "పిల్లలు ఒక్కటి సుత అబద్ధం చెప్పలే సారూ."

ఎందరో పండితుల్ని చూశాను. తల్లికిచ్చిన మాటనూ, తన విద్యనూ ఒకదానికొకటి అడ్డు రాకుండా మోసి, తాను ఎండలో నిలబడి ఇన్ని వందల మంది పిల్లలకు వెలుగు చూపించిన ఇలాంటి ఉపాధ్యాయుణ్ని మళ్లీ చూడలేదు. ఆయన స్మృతికి చేతులు జోడిస్తున్నాను.

సోమవారం అంత్యక్రియల ప్రార్థనకు వెళ్లాను. చర్చి లోపలికి వెళ్లడం నా జీవితంలో అదే మొదటిసారి. పాటలు సాగుతుండగా నా తల అలవాటుగా పైకి లేచింది. తెల్లసున్నం, ఆరు చెక్క దూలాలు, మూడో దూలానికి పాత పగులు, బలిపీఠం వైపు వెంటిలేటర్‌లోంచి ఏటవాలుగా దిగిన ఎండ. ఒక్కటీ వదలకుండా గుర్తుపెట్టుకున్నాను. మెట్లు దిగి వచ్చి, అన్నీ వరుసగా చెప్పడానికి నోరు తెరవబోయి నిలబడిపోయాను. మెట్ల కింద నోటుబుక్కుతో ఎవరూ లేరు.