తాంబూలం తట్టలో క్యాన్సిల్ పత్రం

మా పక్కతోట రంగనాయకమ్మక్కను పళ్ళిపట్టు నించి తిరుత్తణి దాకా పూలంగళ్ళలో అందరికీ తెలుసు. అరవై దాటినా ఎండెక్కక ముందే అర్ధెకరా మల్లెతోట కోసేస్తుంది. బస్సులో కండక్టరుకే సీటు చూపించే మనిషి.

మూడేండ్ల కింద కాలిరిగి మంచాన పడింది. పట్టా మార్చేదానికి తాలూకాఫీసు చుట్టూ తిరగల్ల గదా, తన బదులు సంతకాలు పెట్టేదానికి తమ్ముడు ఆదిమూలానికి పవర్ పత్రం రాసిచ్చింది. పత్రం అరవంలో ఉండాది, అక్కకు చదవను రాదు. అమ్మే హక్కు గూడా దాంట్లో ఉండాదని తెలీకుండానే సంతకం పెట్టేసింది. పట్టా వచ్చినాక ఆ పత్రం తమ్ముడి తావ అడిగి తీసుకోని బియ్యం డబ్బాలో దాచింది.

"తాళంచెవి నా తావ ఉంటే వాడు ఇల్లెట్లా తెరస్తాడు?" అనేది.

మొన్న ఆడి నెలలో, అదే ఆషాఢంలో, ప్లాట్లేసి అమ్మే ఆయనొకడు వచ్చి తోటలో టేపు పట్టి తెల్లరాళ్ళు నాటినాడు.

"యాడ కొలస్తా ఉండావయ్యా?" అనింది అక్క.

"ఆదిమూలం సార్‌కి పవర్ ఉండాది గదమ్మా! ఆయన భూమికి దోవ మీ తోటలోనే. రెండూ కలిపి వచ్చే నెల రిజిస్టరు."

ఆ తోటే అక్కకు తిండీ, మర్యాదా. ఇద్దరమూ తిరుత్తణికి పరిగెత్తినాము. రిజిస్టరాఫీసు ముందర పత్రాలు రాసే దామోదరన్ నవ్వేసినాడు.

"డబ్బాలో దాస్తే ఆఫీసు రికార్డులో పోతాదా అమ్మా? రద్దు చేసినట్టు రాసి రిజిస్టరు చెయ్యల్ల. ఆయన చేతికీ కాపీ అందల్ల. లేకుంటే రేపు నాకు తెలీదంటాడు."

పూలు కట్టీ కట్టీ అక్క వేలిగీతలు అరిగిపోయినాయి, రద్దు పత్రం రిజిస్టరుకు వేలిముద్ర మిషన్ నాలుగుసార్లు వద్దనింది. అయిదోసారి తీసుకునింది. సాక్షి సంతకం నాదే.

కాపీ పోస్టులో పంపితే రెండుసార్లూ తిరిగొచ్చింది. పోస్టుమేన్‌ను చూస్తే చాలు, ఆదిమూలం ఇంట్లో లేడంట!

అక్క తట్టలో ఆకూ వక్కా, అరటిపండ్లూ పెట్టి, కాపీ కవరు మూలలకు పసుపు పూసి పైన పెట్టింది. తట్టతో గడప ముందర నిలబడితే మావాళ్ళలో వద్దనేవాళ్ళు ఎవురుండారు?

మమ్మల్ని చూసి ఆదిమూలం భుజంపైన తువ్వాలు తీసి, రెండు చేతులా తట్ట అందుకున్నాడు.

"రాక్కా! ఎవురికి కల్యాణం?"

"చదవరా, నాకు అరవం రాదు గదా."

గట్టిగా మొదలుపెట్టినాడు. రెండో వరసకే గొంతు దిగిపోయింది.

ఆయన పెండ్లాం కృష్ణమ్మ లోపలి నించి, "ఏమయ్యా, ముహూర్తం ఎప్పుడో చదువు!" అనింది.

"ముహూర్తం అయిపోయిందిలే!" అన్నాడు ఆదిమూలం.

నాకు నవ్వాగలేదు. ఆయన తలొంచుకున్నాడు. "దీన్ని తాంబూలంలో పెట్టి ఇస్తారా అక్కా?"

"పోస్టులో ఇస్తే ఇంట్లో లేవంటివే! ఇదో వినరా. నీ భూమికి దోవ కావల్లంటే నన్నడుగు, బండి పొయ్యేంత ఇస్తా. నా తోట అమ్మేది మాత్రం లేదు."

ఆయన అక్క తెచ్చిన రెండో కాపీలో అందినట్టు సంతకం పెట్టినాడు. కృష్ణమ్మ కాఫీ తెచ్చింది. అక్క ఇంకొంచెం చక్కెర అడిగి మరీ తాగింది.

ప్లాట్లాయన మళ్ళా రాలేదు. ఆ తెల్లరాళ్ళు పెరికి అక్క గట్టుపైన వేసింది. మొగ్గలు కోసి నడుము నొస్తే మేమిద్దరమూ వాటిపైనే కూర్చునేది.