కుడివైపు చివర పదకొండు మంది

ఆయన్ని అందరూ ‘ఒక్కడుగు’ అనేవారు. గ్రూపు ఫోటోలు తీయడం ఆయన వృత్తి. బడుల్లో, ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో వందలమందిని వరసల్లో నిలబెట్టి, కెమెరా వెనక నుంచి “ఒక్కడుగు వెనక్కి! అంతే, ఒక్కడుగు చాలు!” అని ఇరవై ఆరేళ్ళుగా అరుస్తూనే ఉన్నాడు. ఆ అరుపే పేరైపోయింది. బ్యాంకులో గుమాస్తా కూడా “రండి ఒక్కడుగు గారూ” అని పిలిచేవాడు. అసలు పేరు చెక్కుల మీద తప్ప ఇంకెక్కడా అవసరం పడేది కాదు.

వరసలు కట్టడం మాత్రం ఆయన భార్య పని. పొట్టివాళ్ళను పొట్టివాళ్ళు అనకుండా ముందుకు తీసుకురావడం ఒక విద్య. అది ఆవిడకు వెన్నతో పెట్టినట్టు అబ్బింది. “ఇంత మంచి రంగు చొక్కా వేసుకుని వెనకెక్కడో నిలబడితే ఎలాగండీ, ఇలా రండి” అనేది. వచ్చేవాళ్ళు. లావుగా ఉన్నవాళ్ళను ఇద్దరి మధ్య కాస్త పక్కకు తిప్పి నిలబెట్టేది. ఎవరికీ మనసు నొచ్చేది కాదు.

ఇన్నేళ్ళూ వాళ్ళకు అన్నం పెట్టింది ఒకే ఒక్క వెడల్పు లెన్సు. దూరం జరగడానికి చోటు లేని ఇరుకు వరండాలో కూడా నూరుమందిని పట్టుకోగలిగిన లెన్సు అది. దానికి బూజు పట్టింది. లోపలి అద్దం మీద సాలెగూటి పోగుల్లా తెల్లటి గీతలు. రిపేరు చేసేవాడు రెండుసార్లు తుడిచిచ్చాడు. మూడోసారి తీసుకెళితే దీపం ముందు పట్టుకుని చూసి, వెనక్కి ఇచ్చేశాడు.

కొత్తదాని ధర చూసి ఒక్కడుగు ఫోను పక్కన పెట్టేశాడు. ఆ తర్వాత నెలరోజులు వాడిన లెన్సులు అమ్మేవాళ్ళ ప్రకటనలు చదవడమే పనైంది. ‘చాలా తక్కువగా వాడినది.’ ‘ఇంట్లో మాత్రమే వాడినది.’ ‘చూడచక్కగా ఉంటుంది, చిన్న గీత కూడా లేదు.’ పైకి చదివి వినిపిస్తుంటే భార్య నవ్వు ఆపుకోలేకపోయింది.

“పెళ్ళి సంబంధాలు చూస్తున్నట్టుందండీ. గోత్రం కూడా రాశారేమో చూడండి.”

చివరికి ఒకటి నచ్చింది. ‘డెమో పీసు’ అని రాసి ఉంది. అంటే దుకాణంలో కొనేవాళ్ళు పట్టుకుని చూసుకోవడానికి పెట్టినది. ఎవరూ కొనుక్కుని వాడింది కాదు, పెట్టె తెరిచారు కాబట్టి కొత్తదని అమ్మడానికి వీల్లేదు, అంతే. ధర కొత్తదాంట్లో సగానికి కొంచెం పైన. ఒక్కడుగు అమ్మేవాడికి మెసేజీ పెట్టాడు. నిమిషంలో ఫోనే వచ్చింది.

“అద్దాల బీరువాలోంచి బయటికి రాలేదు సార్. నెలకోసారి ఎవరో ఒకరు చూసేవాళ్ళు, మళ్ళీ లోపల పెట్టేసేవాళ్ళం.”

“కింద పడటం, దెబ్బ తగలడం లాంటివి ఏమన్నా...”

“అయ్యో, నా చేతుల్తో నేనే తుడుస్తాను సార్. నచ్చకపోతే ఏడు రోజుల్లో వెనక్కి పంపేయండి. మనలో మనకు పట్టింపులేముంటాయి?”

ఆ గొంతులో ఉన్న చనువుకు ఒక్కడుగు మెత్తబడిపోయాడు. బిల్లు ఎవరి పేరున ఉంటుందని అడుగుదామనుకున్నాడు గానీ, అంత మర్యాదగా మాట్లాడేవాణ్ణి అనుమానించినట్టు ఉంటుందని ఊరుకున్నాడు.

పార్సిలు వచ్చింది. లెన్సు తళతళలాడుతోంది. ఒక్కడుగు భార్యను వాకిట్లో నిలబెట్టి నాలుగు ఫోటోలు తీశాడు. కంప్యూటరులో పెద్దది చేసి చూస్తే ఆవిడ కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు.

“నా మొహం మీద ఇన్ని ముడతలున్నాయా? మంచి లెన్సే, వెనక్కి పంపేయండి” అంది ఆవిడ.

ఆ వారమంతా వాన. బయట పనులేవీ లేవు. ఏడు రోజులూ గడిచిపోయాయి. తొమ్మిదో రోజున బల్బుల ఫ్యాక్టరీ మేనేజరు ఫోను చేశాడు.

ఆ పాతకాలపు బల్బులు కొనేవాళ్ళు లేక ఫ్యాక్టరీ మూసేస్తున్నారు. చివరి రోజున అందరూ కలిసి ఒక ఫోటో దిగాలని, తలా ఒక కాపీ ఇవ్వాలని మేనేజరు అనుకున్నాడు. నూట అరవై మూడు మంది. గాజు ఊదే సెక్షను వాళ్ళు, తీగ బిగించేవాళ్ళు, ప్యాకింగు వాళ్ళు, లారీల వాళ్ళు. ఆవరణలో బెంచీలు వేసి నాలుగు వరసలు కట్టడానికి గంటన్నర పట్టింది. కొందరు ఏడుస్తున్నారు, కొందరు ఊరికే జోకులు వేస్తున్నారు. ఒక్కడుగు పదిహేను ఫోటోలు తీశాడు. తీసిన ప్రతిసారీ కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీద మధ్యలో కూర్చున్న మేనేజరు కళ్ళను పెద్దవి చేసి చూసుకున్నాడు. తెరిచే ఉన్నాయి, స్పష్టంగా ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళుగా ఆయన చూసుకునే పద్ధతి అదే. చివర్లు చూడాల్సిన అవసరం పాత లెన్సు ఏనాడూ కల్పించలేదు.

మూడో రోజున ప్రింటింగు షాపు నుంచి యజమాని పిలిచాడు. మొదటి పెద్ద కాపీ బల్ల మీద పరిచి ఉంది.

“గురువుగారూ, ఇటు చివర పొగేమైనా పెట్టారా?”

ఒక్కడుగు వంగి చూశాడు. ఎడమ చివర మనుషులు చొక్కా గుండీలతో సహా కనిపిస్తున్నారు. మధ్యలో బాగుంది. కుడివైపుకు పోయేకొద్దీ మొహాలు కరిగిపోతున్నాయి. ఆ చివర నాలుగు వరసల్లోనూ కలిపి పదకొండు మంది. కళ్ళున్న చోట రెండు నల్లటి మరకలు, నోరున్న చోట ఒక నీడ. మిగతా పద్నాలుగు ఫోటోలూ తెరిపించాడు. అన్నీ అంతే. పదకొండు మందే.

ఆ మధ్యాహ్నమే ఫ్యాక్టరీకి వెళ్ళాడు. గేటు దగ్గర కాపలా మనిషి తప్ప ఎవరూ లేరు. లోపల యంత్రాలను ఊడదీసి లారీ ఎక్కిస్తున్న చప్పుడు.

“అందరూ పోయారండీ. చాలామంది వేరే ఊళ్ళలో పనులు వెతుక్కున్నారు. ఇంకెక్కడ పోగవుతారు?”

మేనేజరుకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. “ఎలా ఉంటే అలా ఇచ్చెయ్యండి. ఇప్పుడు ఎవరు అంత పట్టి చూస్తారు?” అని మేనేజరు ఫోను పెట్టేశాడు. ఆయనకు కోపం వచ్చినా బాగుండుననిపించింది ఒక్కడుగుకు.

అమ్మినవాడికి ఫోటో పంపించాడు. ‘చూస్తాను సార్’ అని జవాబు. రెండు రోజుల తర్వాత ‘వెడల్పు లెన్సుల్లో చివర్లు కొంచెం అలాగే ఉంటాయి సార్’ అని ఇంకొకటి. ‘ఒక చివరే ఎందుకుంది?’ అని అడిగితే ‘ఏడు రోజులు అయిపోయాయి కదా సార్’ అన్నాడు. ఆ తర్వాత జవాబు రాలేదు. అమ్మకాల సైటు వాళ్ళకు ఫిర్యాదు చేస్తే, ఈ అభ్యర్థన మూసివేయబడింది అని ఒక మెసేజీ వచ్చింది. ఎవరు మూశారో, ఎందుకు మూశారో అందులో లేదు. అడగడానికి మనిషి లేడు.

కంపెనీ సర్వీసు సెంటరులో ఒకమ్మాయి లెన్సును భూతద్దం కింద పెట్టి చూసింది.

“ఇది ఎప్పుడో గట్టిగా కింద పడింది సార్. లోపల ఒక అద్దం వెంట్రుకవాసి ఒరిగింది. ఎవరో విప్పి మళ్ళీ బిగించారు. ఈ స్క్రూల తలలు చూడండి, చెక్కుకుపోయాయి.”

“సరిచేయొచ్చామ్మా?”

“బిల్లు మీ పేరు మీద లేదు కాబట్టి మేం ముట్టుకోకూడదు. ముట్టుకున్నా, దీనికయ్యే ఖర్చుతో మీరు ఇంకోటి కొనుక్కోవచ్చు.” ఆ అమ్మాయి మెల్లగా మూత పెట్టి లెన్సు వెనక్కి ఇచ్చింది. “సారీ సార్” అంది. ఇంతవరకు ఆ మాట అన్నది ఆ అమ్మాయి ఒక్కతే.

కాపీలు వేయించి గేటు దగ్గర కాపలా మనిషికి ఇచ్చాడు. ఒక్కొక్కరే వచ్చి పట్టుకెళ్ళారు. పదకొండు మందిలో ముగ్గురు ఫోను చేశారు. ఒకాయన తిట్టాడు. ఒకాయన “నా మొహం ఇలాగే బాగుందిలెండి, అప్పులవాళ్ళు గుర్తుపట్టరు” అని నవ్వాడు. మూడో ఆవిడ “అయితే ఇక అంతేనా?” అని అడిగింది. అంతేనని చెప్పాడు.

రెండు నెలల తర్వాత ఒక పెద్దాయన తలుపు తట్టాడు. మనిషి పొడుగు, మెడ కాస్త ముందుకు వంగి ఉంది. బస్సు నడిపి రిటైరయ్యాడట. చేతిలో ఆ ఫోటో చుట్టి ఉంది. కూర్చోమంటే కూర్చుని, బల్ల మీద పరిచి, కుడివైపు చివర మూడో వరసలో వేలు పెట్టాడు.

“మా ఆవిడ. బల్బు వెలిగించి మంచిదా కాదా చూసే సెక్షనులో పని. పోయిన నెల పోయింది. గుండె ఆగిపోయింది.”

ఒక్కడుగు వంగి, ఆ వేలి పక్కన ఉన్న మసక మొహాన్ని చూశాడు.

“ఇంట్లో ఆమె ఫోటో లేదయ్యా. వయసులో ఉన్నప్పుడు బల్బు పేలి చెంప కాలింది. అప్పట్నుంచి కెమెరా అంటే చాలు, లేచి వెళ్ళిపోయేది. ఉద్యోగం కార్డు మీద ఉన్నది కాలకముందుది, ఇరవై రెండేళ్ళ పిల్ల. ఆ పిల్లను చూస్తే నాకు ఈ మనిషి కనిపించదు. ముప్ఫై ఏళ్ళలో ఆమె దిగిన ఫోటో ఇదొక్కటే. కొంచెం తేటగా చేసి ఇస్తారేమోనని వచ్చాను.”

చేయలేనని చెప్పాల్సింది. కానీ ఒక్కడుగు రెండు రోజుల తర్వాత రమ్మన్నాడు. ప్రింటింగు షాపు యజమాని దగ్గర మసక ఫోటోలను బాగుచేసే సాఫ్ట్‌వేరు ఉంది. అందులో పెడితే నిమిషం తిరక్కుండా మొహం వచ్చింది. కళ్ళు, ముక్కు, పెదాలు, జుట్టులో తెల్ల వెంట్రుకలు కూడా. షాపు యజమాని “చూశారా గురువుగారూ!” అన్నాడు గర్వంగా. ఒక్కడుగుకూ ప్రాణం లేచొచ్చింది.

పెద్దాయన ఇంటికి వచ్చి ఆ ప్రింటు చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాడు. తిరిగొచ్చాడు.

“ఈవిడెవరయ్యా?”

పెద్దాయన ప్రింటులోని చెంప మీద వేలు పెట్టాడు.

“చెంప మీద మచ్చ ఏదీ? కళ్ళు ఇలా ఉండవు. ఒకటి కొంచెం కిందికుంటుంది.” ఆయన గొంతులో కోపం లేదు. “చూసుంటే సంతోషించేదేమో పాపం, మచ్చ లేదని. కానీ నేనేం చేసుకోను దీన్ని?”

ప్రింటు బల్ల మీద బోర్లించి పెట్టి, పాత మసక ఫోటోనే మళ్ళీ చుట్టుకున్నాడు. ఆ కాపీకైన డబ్బు ఇచ్చేస్తానన్నాడు ఒక్కడుగు. ఆ మాట ఆయన వినిపించుకున్నట్టే లేదు. లేవబోతూ, గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ఒక్కడుగు భార్యను చూశాడు.

“అమ్మా, ఆమె ఫోటోకి ఎలా ఒప్పుకుంది? అదే నాకు అంతుపట్టడం లేదు.”

ఒక్కడుగు భార్య ఆయన చేతిలో చుట్టి ఉన్న ఫోటో వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

“నేనే పట్టుకొచ్చానన్నయ్యా. గోడ పక్కన ఒక్కతే నిలబడి ఉంటే, చెయ్యి పట్టుకుని ‘రా వదినా, చివర్నే నిలబడుదువుగానీ’ అన్నాను. రానంది. మళ్ళీ లాగాను. అప్పుడు ఏదో అంది. అని నవ్వింది. వచ్చి నిలబడింది.”

“ఏమంది?”

ఆవిడ గుర్తు చేసుకోబోయింది. ఆ రోజు నూట అరవై మూడు మందితో మాట్లాడింది. అందరూ ఏదో ఒకటి అన్నారు. అందులో ఆ ఒక్క మాట మాత్రం ఎంత తవ్వినా దొరకలేదు.

“గుర్తుకు రావడం లేదన్నయ్యా.”

“కంగారు లేదమ్మా. గుర్తొచ్చినప్పుడు చెప్పండి” అని ఆయన ఒక కాగితం మీద నంబరు రాసిచ్చి వెళ్ళాడు.

ఆవిడ ఆ తర్వాత కూరగాయలు తరుగుతూ ఆగిపోయేది. బట్టలు ఆరేస్తూ ఆగిపోయేది. పెదాలు కదిలించి ఏవేవో మాటలు అని చూసుకునేది, ఏదీ అతికేది కాదు. ఒకరోజు ఒక్కడుగు చూడలేక అన్నాడు.

“ఏదో ఒకటి చెప్పెయ్యవే. మంచిమాట. ఆ పెద్దాయన సంతోషిస్తాడు.”

“షాపులో ఆ మొహం చేసినట్టా?” అంది ఆవిడ.

ఒక్కడుగు లెన్సును అమ్మకానికి పెట్టాడు. ‘కింద పడినది, కుడివైపు మసక’ అని రాశాడు. ఎవరూ అడగలేదు. అదే సైటులో ఆ పాత అమ్మకందారుడి ప్రకటన ఇంకొకటి కనిపించింది. డెమో పీసు, అద్దాల బీరువాలోది. కింద హెచ్చరిక రాద్దామని చూస్తే, కొని ముప్ఫై రోజులు దాటినవాళ్ళు అభిప్రాయం రాయడానికి వీల్లేదని వచ్చింది. పెద్ద గ్రూపు పనులు ఒప్పుకోవడం ఆయన మానేశాడు. పాతిక, ముప్ఫై మందికి మించితే వేరేవాళ్ళ నంబరు ఇస్తున్నాడు.

పెద్దాయన రెండుసార్లు ఫోను చేశాడు. రెండుసార్లూ ఒక్కడుగు భార్య ఇంకా గుర్తు రాలేదనే చెప్పింది. మూడోసారి ఆయన చేయలేదు. కొన్నాళ్ళు చూసి, ఆవిడే చేసింది.

“ఇంకా రాలేదన్నయ్యా. ఇక రాదేమో.”

“నవ్విందన్నారు. అదైనా నిజమేనా?”

“నిజం. అది మాత్రం బాగా గుర్తుంది.”

“దేనికి నవ్విందమ్మా?”

ఆవిడ మళ్ళీ ఆ గోడ దగ్గర నుంచి మొదలుపెట్టి, చెయ్యి పట్టుకున్నది, లాగినది వరసగా తలుచుకుంది. అటువైపు పెద్దాయన ఎదురుచూస్తున్నాడు.