వెళ్లిన కారణం: ఇతరములు

గురుకులంలో చేరడానికి గడువు శనివారం సాయంత్రం ఐదు గంటలు. మా బడిలోని పిల్లల సంఖ్యను ప్రభుత్వం లెక్కలోకి తీసుకునేది సోమవారం ఉదయం. రెండింటి మధ్య ఉన్నది ఒక్క ఆదివారం. ఆ వారమంతా నేను ఆ సందులోనే ఇరుక్కుని ఉన్నాను.

పుంగనూరుకు దగ్గరి పల్లె అది. ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతులున్న ప్రభుత్వ పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయుణ్ణి. పదవీ విరమణకు ఇంకొక్క సంవత్సరమే మిగిలింది. ఏడో తరగతి పూర్తి చేసిన ఒక అమ్మాయి, ప్రతిభ గల పిల్లల కోసం ప్రభుత్వం పెట్టే ప్రవేశ పరీక్షలో నెగ్గి, కుప్పం దగ్గరి గురుకులంలో సీటు తెచ్చుకుంది. వాళ్ల అమ్మ మదనపల్లె మార్కెట్లో టమోటాలు ఏరే కూలి. తెల్లవారక ముందే బస్సెక్కేది. ఆమె తిరిగి వచ్చేదాకా ఆ పిల్ల బడి వరండాలోనే ఉండేది. మా లెక్కల మేడం రోజూ ఇంటికి పోయే బస్సు వదులుకుని, పుస్తకంలో లేని లెక్కలు ఇచ్చి చేయించేది.

ప్రతిభకు ప్రభుత్వం ఖర్చు పెట్టదని నేను అనను. గురుకులంలో భోజనం, బట్టలు, పుస్తకాలు, పడక, అన్నీ ఉచితమే. కానీ ఆ ఖర్చు పరీక్ష నెగ్గిన తర్వాత మొదలవుతుంది. నెగ్గేదాకా నేర్పిన టీచరు పోస్టు మాత్రం బడిలో ఎంతమంది పిల్లలున్నారనే అంకె మీద నిలబడి ఉంటుంది. ఆ ఏడాది మాకు ఎంతమంది ఉండాలో సరిగ్గా అంతమందే ఉన్నారు. ఒక్కరు తగ్గితే లెక్కల పోస్టు మిగులు కింద వేరే బడికి పోతుంది.

బుధవారం పేరెంట్స్ కమిటీ చైర్మన్ వచ్చాడు. ఆవులు పెట్టుకుని, టెంపోలో ఊరి పాలు పుంగనూరుకు తోలే మనిషి. అతని కూతురు ఏడో తరగతి.

"ఆ పిల్ల టీసీ సోమవారం దాకా అట్ల పెట్టుకోండి సార్. ఇయ్యనని యాల చెప్పాల? నెట్ రాలేదని చెప్పండి. మనూర్లో నెట్ రాదని దేవుడిక్కూడా తెలుసు."

ఇది అతడు కనిపెట్టిన ఉపాయమేమీ కాదు. లెక్క తీసే రోజు దాటేవరకు టీసీలు ఆపడం మా ప్రాంతంలో చాలా బడులకు అలవాటే.

గురువారం ఆ పిల్ల తల్లి వచ్చి గడప బయటే నిలబడింది.

"పేరు ఈడనే ఉండనీ సార్. పిల్లను ఆడికి పంపిస్తా. మీకూ నష్టం లేదు, నాకూ లేదు."

"అట్లా కుదరదమ్మా. కంప్యూటర్‌లో ఒక పిల్ల రెండు బడుల్లో ఉండదు. మేము ఇక్కడ విడుదల చేస్తేనే వాళ్లు అక్కడ చేర్చుకోగలరు."

"మనుసులు రెండిండ్లలో కాపరం చేస్తాండారు గానీ, కంప్యూటర్ ఒప్పుకోదా సార్?" అంది. నవ్వలేదు.

శుక్రవారం మదనపల్లె వెళ్లి, పై కార్యాలయంలోని సూపరింటెండెంటును అడిగాను. బాగా చదివిన పిల్ల పై బడికి పోతే ఈ బడి ఎందుకు నష్టపోవాలి అని.

"ఎందుకు పోయినారని అడిగే కాలమ్ నా దగ్గర లేదు సార్. తగ్గినారా, పెరిగినారా, అంతే. మీరే గదా మీటింగుల్లో లెక్క లెక్కే అనేది?"

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కూడా దారి చూడలేదు.

శనివారం ఉదయం నేను చెప్పకముందే లెక్కల మేడం కంప్యూటర్ ముందు కూర్చుంది. బడి ఆన్‌లైన్ పనులన్నీ ఆమెవే.

"మేడం, పోయేది మీ పోస్టు" అన్నాను.

"తెలుసు సార్. పోస్టు కోసం పిల్లను పట్టుకోని కూర్చుంటే, రేపు ఇంకో పిల్లకు యా మొగం పెట్టుకోని చెప్పేది?"

విడుదలకు నా ఫోన్‌కు ఓటీపీ రావాలి. ఆ రోజు నిజంగానే నెట్ లేదు. మిద్దె ఎక్కినా సిగ్నల్ రాలేదు. తల్లీ కూతుళ్లు గేటు దగ్గర ట్రంకు పెట్టెతో నిలబడ్డారు. చైర్మన్ టెంపో ఆపి చూసి నవ్వాడు.

"ఏమి సార్, నేను చెప్పింది చెప్పినట్లే చేస్తాండారే!"

ఇక నేనేం చెప్పినా అది అతని అబద్ధమే అవుతుంది. "మమ్మల్ని పుంగనూరుకు తీసుకుపోతావా?" అని అడిగాను. అతడు పెట్టెను, పిల్లను, నన్ను, మేడమ్‌ను మార్చి మార్చి చూశాడు.

"ఎక్కండి. పాల క్యాన్లు జరపండి. మా పాప లెక్కల చదువును నా బండిలోనే సాగనంపాల్నని రాసుండాది."

పుంగనూరు నెట్ సెంటర్‌లో మేడం పేజీ తెరిచింది. వెళ్లిన కారణం ఎంచుకోమంది. వలస, చదువు మానివేత, మరణం, ఇతరములు.

"ఏది పెట్టేది సార్?"

ప్రతిభ అనేది అందులో లేదు. "ఇతరములు" అన్నాను. ఓటీపీ వచ్చింది. అంకెలు ఒక్కొక్కటే చదివాను. ఆమె ఒక్కొక్కటే కొట్టింది. తల్లీ కూతుళ్లు పలమనేరు మీదుగా కుప్పం బస్సుల కోసం పరుగెత్తారు. మేమింకా పుంగనూరులో ఉండగానే, నాలుగున్నరకు గురుకులం నుంచి ఫోన్ వచ్చింది: చేరింది.

సోమవారం నేను పంపిన సంఖ్యలో ఒకటి తక్కువ. కొన్ని వారాలకు మేడమ్‌కు ఉత్తర్వు వచ్చింది; పలమనేరు అవతలి బడికి. ఆమె వెళ్లే ముందు రోజు చైర్మన్ నా గదిలోకి వచ్చాడు. నిందిస్తాడనుకుని సిద్ధంగా ఉన్నాను.

"సార్, మేడం పోతా పోతా మా పాపకు ఆ పరీక్షకు ఏమేమి చదవాల్నో చెప్పి పొమ్మనండి. వచ్చే ఏడు ఇదీ కుప్పం పోతాది. ఇంక ఈ బడిలో ఏముండాదని?"

ఆ పిల్లా పోతే ఇంకొకటి తగ్గుతుంది. అప్పుడు పోయే పోస్టు ఏదో కూడా నాకు తెలుసు: విరమణతో నేను ఖాళీ చేసేదే. కాదనడానికి మాత్రం నా దగ్గర ఒక్క అంకె కూడా లేదు. మేడమ్‌ను పిలిపించాను.